పొలాక్, డి ఒలివీరా, అబేద్: దక్షిణాఫ్రికా ఆటలో ఇంటిపేర్లు

(గ్రంథాలయంలో ఆదివారం సాయంత్రం జరిగిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని రాసి పెట్టాం.)

అందరికీ నమస్కారం. ముందు వరసలో పెద్దవాళ్లున్నారు, వెనక పిల్లలున్నారు. అందరినీ కలిపి ఒక ప్రశ్న అడుగుతాను. వీవీఎస్ లక్ష్మణ్ ఇంటిపేరు ఏమిటి? చెప్పండి. ఎవరైనా చెప్పండి. ఆ, అక్కడ ఎవరో అన్నారు, వంగీపురపు. సరిగ్గా చెప్పారమ్మా. వంగీపురపు వెంకట సాయి లక్ష్మణ్. ఈడెన్ గార్డెన్స్‌లో 281 కొట్టిన మనిషి, మన హైదరాబాదు మనిషి, ఆయన పేరు తెలియనివాళ్లు ఈ హాల్లో లేరు. ఇంటిపేరు మాత్రం ఒక్కరే చెప్పారు. మన ఇంటిపేరు అంతే. ఒక్క అక్షరంగా ముడుచుకుని పేరు ముందు కూర్చుంటుంది. పెళ్లి సంబంధాలు చూసేటప్పుడు బయటికి వస్తుంది, మళ్లీ లోపలికి పోతుంది.

దక్షిణాఫ్రికాలో అలా ఉండదు. అక్కడ ఆటగాడికి ఇంటిపేరే పేరు. స్కోరుబోర్డు మీద అదే, చొక్కా వెనక అదే, కామెంటరీలో వినిపించేదీ అదే. అందుకని ఒకే ఇంటిపేరు మళ్లీ మళ్లీ వినిపిస్తే మనకి అనుమానం వస్తుంది. వీళ్లు అన్నదమ్ములా? తండ్రీకొడుకులా? ఏమీ కారా? ఈ సాయంత్రం నేను మాట్లాడేది ఆ ఇంటిపేర్ల గురించే.

మీకు బాగా తెలిసిన పేరుతో మొదలుపెడతాను. ఫాఫ్ డు ప్లెసిస్. చెన్నైకి ఆడాడు, బెంగళూరుకి కెప్టెన్ అయ్యాడు. రగ్బీ చూసేవాళ్లకి బిస్మార్క్ డు ప్లెసిస్, జానీ డు ప్లెసిస్ తెలుసు, వాళ్లు అన్నదమ్ములు. ఇంకా వెనక్కి వెళ్తే ఫెలిక్స్ డు ప్లెసిస్, 1949లో న్యూజిలాండ్ వచ్చినప్పుడు దక్షిణాఫ్రికా రగ్బీ కెప్టెన్. ఆయన కొడుకు మోర్నే డు ప్లెసిస్ 1970లలో అదే జట్టుకి కెప్టెన్ అయ్యాడు. మోర్నే తల్లి కూడా తక్కువ కాదు, ఆవిడ దక్షిణాఫ్రికా మహిళల హాకీ జట్టుకి కెప్టెన్. 1995 రగ్బీ ప్రపంచకప్పులో మండేలా ఆకుపచ్చ జెర్సీ వేసుకుని కప్పు అందించారు, ఆ ఫొటో మీరంతా చూసే ఉంటారు. ఆ జట్టు మేనేజరు ఈ మోర్నేనే.

మరి ఇంతమంది డు ప్లెసిస్‌లు ఎక్కడి నుంచి వచ్చారు? 1688 ప్రాంతంలో ఫ్రాన్సులో ప్రొటెస్టంట్లను తరిమేస్తే, కొద్దిమంది డచ్ కంపెనీ ఓడలెక్కి దక్షిణాఫ్రికా కొసన ఉన్న కేప్ చేరారు. హ్యూగనాట్లు అంటారు వాళ్లని. మొత్తం కలిపి రెండు వందల మంది లోపే. వచ్చినవి కొన్ని కుటుంబాలు, పుట్టిన పిల్లలు చాలామంది. మూడు వందల ఏళ్లు గడిచేసరికి అవే ఇంటిపేర్లు దేశమంతా పాకాయి. డు ప్లెసిస్, డు టోయిట్, జుబేర్, మన ఏబీ ఇంటిపేరు డివిలియర్స్, అన్నీ అలా ఓడ దిగినవే. కాబట్టి ఇద్దరు డు ప్లెసిస్‌లు కనబడగానే చుట్టాలనుకోనక్కర్లేదు. మన ఊళ్లో ఇద్దరికి ఒకే ఇంటిపేరు ఉన్నంత మాత్రాన ఒకే కుటుంబం అవుతారా? ఇదీ అంతే.

అదే కేప్‌లో, అదే కాలంలో, ఇంకోరకం ఇంటిపేర్లు పుట్టాయి. ఇది కాస్త మనసు పెట్టి వినండి. బానిసలుగా తెచ్చిన మనుషులకి ఇంటిపేరు మిగల్చలేదు. ఏ నెలలో వచ్చారో, ఏ నెలలో కొన్నారో ఆ నెల పేరు పెట్టారు. ఫిబ్రవరి, ఏప్రిల్, సెప్టెంబర్. ఇవాళ్టికీ కేప్‌టౌన్‌లో సెప్టెంబర్ అనే ఇంటిపేరున్న కుటుంబాలున్నాయి. మన దేశం నుంచి పట్టుకుపోయినవాళ్లూ ఉన్నారు, బెంగాల్ నుంచి, మలబారు నుంచి, మన కోరమాండల్ తీరం నుంచి. రికార్డుల్లో వాళ్ల పేరు పక్కన 'వాన్ బెంగాల్' అని రాసుకున్నారు, బెంగాల్ నుంచి వచ్చిన మనిషి అని. ఒకడి ఇంటిపేరు వాడితో పాటు ఓడ దిగింది. ఇంకొకడికి యజమాని క్యాలెండరు చూసి పెట్టాడు. ఇద్దరి మునిమనవళ్లకీ క్రికెట్ మీద ప్రేమ పుట్టింది. మరి ఇద్దరికీ ఒకే మైదానం దొరికిందా?

దొరకలేదు. ఈ సాయంత్రం నేను చెప్పదలచుకున్న సంగతి అదే. ఒక ఇంటిపేరు మూడు తరాల పాటు స్కోరుబుక్కులో ఉండాలంటే రక్తంలో ఆట ఉంటే చాలదు. మైదానం గేటు తెరిచి ఉండాలి.

పొలాక్‌ల దగ్గరికి వద్దాం. నాకు చాలా ఇష్టమైన ఇల్లు ఇది. తండ్రి ఆండ్రూ పొలాక్ స్కాట్లాండులో పుట్టి దక్షిణాఫ్రికా వచ్చాడు. ఆరెంజ్ ఫ్రీ స్టేట్‌కి క్రికెట్ ఆడాడు, తర్వాత పోర్ట్ ఎలిజబెత్‌లో పత్రిక ఎడిటర్‌గా చేశాడు. ఇద్దరు కొడుకులు. పెద్దవాడు పీటర్ 1941లో పుట్టాడు, ఫాస్ట్ బౌలర్. చిన్నవాడు గ్రేమ్ 1944లో పుట్టాడు, ఎడమచేతి బ్యాట్స్‌మన్. ఇంట్లోనే ఒక ఫాస్ట్ బౌలర్, ఒక బ్యాట్స్‌మన్ ఉంటే ఇంక పెరట్లో ఏం జరుగుతుందో ఇక్కడున్న తల్లులకి నేను చెప్పాలా? గ్రేమ్ పదహారేళ్లకే అక్కడి దేశవాళీ పోటీ కరీ కప్పులో సెంచరీ కొట్టాడు. పందొమ్మిదేళ్లకి సిడ్నీలో టెస్టు సెంచరీ.

1965 ఆగస్టు, ఇంగ్లండ్‌లో ట్రెంట్ బ్రిడ్జ్ మైదానం. ఈ ఒక్క మ్యాచ్ గురించి కొంచెం ఎక్కువసేపు మాట్లాడతాను, ఏమనుకోకండి. మబ్బు పట్టిన ఇంగ్లిష్ వాతావరణం, బంతి తెగ స్వింగవుతోంది. 16 పరుగులకి రెండు వికెట్లు పోయాయి, అప్పుడు గ్రేమ్ వచ్చాడు. అవతలి వైపు వికెట్లు పడుతూనే ఉన్నాయి. 80కి ఐదు. ఆయన మాత్రం వేరే పిచ్ మీద ఆడుతున్నట్టు ఆడాడు. 140 నిమిషాల్లో 125 పరుగులు, 21 ఫోర్లు. ఆయన క్రీజులో ఉన్నంతసేపట్లో జట్టుకి వచ్చినవి 160 పరుగులు. అందులో 125 ఆయనవే! మిగతా అందరూ కలిపి, ఎక్స్‌ట్రాలతో సహా, 35. ఆలోచించండి. ఇక అన్నయ్య పీటర్ సంగతి. మొదటి ఇన్నింగ్స్‌లో 5 వికెట్లు, రెండో ఇన్నింగ్స్‌లో 5 వికెట్లు, మొత్తం 87 పరుగులకి పది. దక్షిణాఫ్రికా 94 పరుగులతో గెలిచింది, దాంతోనే సిరీస్ గెలిచింది. ఒకే మ్యాచ్‌లో తమ్ముడు బ్యాటుతో, అన్న బంతితో. పోర్ట్ ఎలిజబెత్ ఇంటి పెరట్లో మొదలైన ఆట అక్కడి దాకా వచ్చింది.

1970 ఫిబ్రవరిలో డర్బన్‌లో ఆస్ట్రేలియా మీద గ్రేమ్ 274 కొట్టాడు. దక్షిణాఫ్రికాకి అది దాదాపు ముప్పై ఏళ్లు రికార్డుగా ఉండిపోయింది. ఆ సిరీస్ 4-0తో గెలిచారు. మార్చిలో పోర్ట్ ఎలిజబెత్‌లో, అంటే సొంత ఊళ్లో, చివరి టెస్టు. గ్రేమ్ వయసు 26. 23 టెస్టులు, 2256 పరుగులు, సగటు 60.97. బ్రాడ్‌మన్ తర్వాత ఎవరు అని అడిగితే చాలా ఏళ్లు ఈయన పేరే చెప్పేవాళ్లు. ఆ టెస్టు తర్వాత ఇంకెన్ని ఆడాడు? ఒక్కటీ లేదు. పీటర్ 28 టెస్టుల్లో 116 వికెట్లు తీశాడు, ఆయనకీ అదే ఆఖరు. దక్షిణాఫ్రికా మళ్లీ టెస్టు ఆడింది 1992 ఏప్రిల్‌లో, వెస్టిండీస్‌లో. అప్పటికి గ్రేమ్‌కి 48 ఏళ్లు.

ఎందుకు ఆగిపోయింది? ఇక్కడే రెండో ఇంటిపేరు వస్తుంది.

బాసిల్ డి ఒలివీరా. 1931లో కేప్‌టౌన్‌లో సిగ్నల్ హిల్ కింద పుట్టాడు. వర్ణవివక్ష ప్రభుత్వం మనుషుల్ని కాగితాల మీద విడగొట్టింది కదా, తెల్లవాళ్లు, నల్లవాళ్లు, భారతీయులు, కలర్డ్ అని. బాసిల్ 'కలర్డ్' కింద, అంటే మిశ్రమ జాతి కింద వచ్చాడు. తండ్రి లూయిస్ సెయింట్ ఆగస్టీన్స్ క్లబ్బు కెప్టెన్, కొడుకూ అదే క్లబ్బుకి ఆడాడు. మైదానం అంటే గడ్డి కాదు, రాళ్లూ మట్టీ ఉన్న నేల మీద చాప పరిచి ఆడేవాళ్లు. ఊళ్లోనే న్యూలాండ్స్ ఉంది, ప్రపంచంలోనే అందమైన మైదానాల్లో ఒకటి, వెనక టేబుల్ మౌంటెన్ కొండ. అక్కడ ఆయన ఆడటానికి లేదు. కావాలంటే టికెట్ కొనుక్కుని వేరే పెట్టిన గ్యాలరీలో కూర్చుని చూడొచ్చు. నల్లజాతీయుల జట్టుకి కెప్టెన్ అయ్యాడు, కెన్యా జట్టు వస్తే గెలిపించాడు. అంతకుమించి మెట్టు లేదు.

ఇంగ్లండ్‌లో జాన్ ఆర్లట్ అనే కామెంటేటరు ఉండేవాడు. రేడియోలో ఆయన గొంతు విని బాసిల్ ఆయనకి ఉత్తరాలు రాశాడు, నాకు ఎక్కడైనా ఆడే అవకాశం చూపించండి అని. ముఖం చూడని మనిషికి ఉత్తరం! ఆర్లట్ పట్టించుకున్నాడు. లాంకషైర్‌లో మిడిల్టన్ అనే చిన్న క్లబ్బు ఒక సీజనుకి 450 పౌండ్లు ఇస్తామంది. విమానం టికెట్టుకి డబ్బు లేదు. కేప్‌టౌన్‌లో జనం చందాలు వేసి పంపించారు. 1960లో ఇంగ్లండ్‌లో దిగాక హోటల్లో తెల్లవాళ్ల పక్కన కూర్చుని తినొచ్చా అని సందేహించాడు. దాదాపు ముప్పై ఏళ్లు వేరే తలుపులోంచి నడిచిన మనిషికి అలాగే ఉంటుంది కదా. కౌంటీ వాళ్లు వయసైపోయిందంటారని పుట్టిన సంవత్సరం తగ్గించి చెప్పాడు. 1966లో లార్డ్స్‌లో ఇంగ్లండ్ తరఫున టెస్టు ఆడేనాటికి ఆయన వయసు 34. ఆ వయసుకి చాలామంది బ్యాటు పక్కన పెట్టేస్తారు.

1968 ఆగస్టులో ఓవల్‌లో ఆస్ట్రేలియా మీద టెస్టు. ఒక ఓపెనర్ తప్పుకుంటే బాసిల్‌ని పిలిచారు. 31 దగ్గర క్యాచ్ వదిలేశారు, ఆ తర్వాత ఆయన 158 దాకా వెళ్లాడు. ఆ చలికాలం ఇంగ్లండ్ జట్టు దక్షిణాఫ్రికా వెళ్లాలి. 158 కొట్టినవాణ్ణి తీసుకోకుండా ఉంటారా? తీసుకోలేదు. జట్టు ప్రకటించారు, అందులో ఆయన పేరు లేదు. ఇంగ్లండ్‌లో పెద్ద గొడవైంది. మూడు వారాలకి టామ్ కార్ట్‌రైట్ అనే బౌలర్ గాయంతో తప్పుకుంటే అప్పుడు బాసిల్‌ని చేర్చారు. మర్నాడే, సెప్టెంబరు 17న, బ్లూమ్‌ఫాంటీన్‌లో ప్రధాని వోర్స్టర్ లేచి, ఈ జట్టుని మేం రానివ్వం అన్నాడు. టూరు రద్దైంది. 1970లో దక్షిణాఫ్రికా ఇంగ్లండ్ రావాల్సిన టూరూ రద్దైంది. తర్వాతిది ఆస్ట్రేలియా టూరు, అదీ రద్దే. గ్రేమ్ పొలాక్ 26 ఏళ్లకి ఆగిపోవడానికి కారణం ఇది. ఈ మాట విన్నప్పుడల్లా కొందరు "పాపం పొలాక్" అంటారు. అనండి, నేనూ అంటాను, ఆ 125 గురించి చదివినప్పుడల్లా నాకూ బాధగానే ఉంటుంది. కానీ ఆ మాట అనేముందు ఇంకొక లెక్క వేయండి. గ్రేమ్‌కి 23 టెస్టుల తర్వాత గేటు మూసుకుంది. బాసిల్‌కి సొంత దేశంలో ఆ గేటు ఒక్కరోజు కూడా తెరుచుకోలేదు.

ఇంకొక సంగతి. 1970లో దక్షిణాఫ్రికా టూరు రద్దైన చోట ఇంగ్లండ్‌లో వేరే సిరీస్ పెట్టారు, ఇంగ్లండ్ మీద రెస్ట్ ఆఫ్ ది వరల్డ్. కెప్టెన్ గార్‌ఫీల్డ్ సోబర్స్, బార్బడోస్ నల్లజాతి వీరుడు. ఆ జట్టులో గ్రేమ్ పొలాక్ ఉన్నాడు. ఇంగ్లండ్ జట్టులో బాసిల్ డి ఒలివీరా ఉన్నాడు. ఒకే దేశంలో పుట్టిన ఇద్దరు మేటి ఆటగాళ్లు ఒకే సిరీస్‌లో ఆడటానికి ఆరు వేల మైళ్ల దూరం రావాల్సి వచ్చింది. ఓవల్‌లో సోబర్స్, గ్రేమ్ కలిసి 165 పరుగులు జోడించారు. గ్రేమ్‌ది సెంచరీ, 114. గ్రేమ్ సొంత ఊళ్లో ఆ ఇద్దరూ కలిసి ఒక జట్టుకి బ్యాటింగ్ చేసే వీలుందా? లేదు.

డి ఒలివీరా ఇంటిపేరు బాసిల్‌తో ఆగలేదు, ఆయన ఆడిన ఇంగ్లండ్ కౌంటీ వూస్టర్‌షైర్‌లో వేళ్లూనుకుంది. కొడుకు డేమియన్ డి ఒలివీరా ఆ కౌంటీకే ఆడాడు, తర్వాత అక్కడే పిల్లలకి కోచింగ్ ఇచ్చాడు. 2014లో క్యాన్సర్‌తో పోయాడు, 53 ఏళ్లే. మనవడు బ్రెట్ డి ఒలివీరా అదే కౌంటీకి కెప్టెన్ అయ్యాడు. తాత, తండ్రి, మనవడు, ముగ్గురూ ఒకే మైదానంలో. పొలాక్‌ల ఇంట్లోలాగే మూడు తరాలు, చూశారా? కానీ ఆ మైదానం ఇంగ్లండ్‌లో ఉంది. ఇప్పుడు ఇంగ్లండ్, దక్షిణాఫ్రికా టెస్టు సిరీస్ ఆడితే గెలిచినవాళ్లకి ఇచ్చే ట్రోఫీ బాసిల్ డి ఒలివీరా పేరు మీదే ఉంది.

బాసిల్ బయటపడ్డాడు. బయటపడనివాళ్లో? అబేద్‌లని కేప్‌టౌన్‌లో ఒక కుటుంబం. మన దగ్గర ఈ పేరు విన్నవాళ్లు చాలా తక్కువ, అందుకే తీసుకొచ్చాను. డిస్ట్రిక్ట్ సిక్స్ అనే పేటలో ఉండేవాళ్లు. అన్నదమ్ములు ఎంతమంది అనుకున్నారు? టైనీ, లోబో, గూలమ్, డిక్, వీళ్లంతా ఆటగాళ్లే. లోబో వికెట్ కీపర్, ఆయన కీపింగ్ చూసినవాళ్లు దేశంలో ఆయనకి సాటి లేరనేవారు. గూలమ్ ఇంగ్లండ్ వెళ్లి లీడ్స్, బ్రాడ్‌ఫర్డ్ జట్లకి రగ్బీ లీగ్ ఆడాడు. అందరికంటే చిన్నవాళ్లలో ఒకడైన డిక్, అసలు పేరు సులేమాన్, ఆల్‌రౌండర్. లాంకషైర్ లీగ్‌లో ఎన్‌ఫీల్డ్ క్లబ్బుకి పదేళ్లు ప్రొఫెషనల్‌గా ఆడాడు. తర్వాత హాలెండులో స్థిరపడి 1982 ఐసీసీ ట్రోఫీలో నెదర్లాండ్స్‌కి కెప్టెన్ అయ్యాడు. దక్షిణాఫ్రికా మనిషి, నెదర్లాండ్స్ కెప్టెన్! వాళ్లు పెరిగిన పేటని 1966లో ప్రభుత్వం తెల్లవాళ్లకని ప్రకటించింది. అరవై వేల పైచిలుకు మందిని ఖాళీ చేయించి ఇళ్లు బుల్డోజర్లతో కూల్చేసింది. ఇంటిపేరు మిగిలింది, ఇల్లు మిగల్లేదు.

ఇప్పుడు చూడండి, ఈ అబేద్ పేరు, పొలాక్ పేరు ఒకచోట కలుస్తాయి. 1971లో ఆస్ట్రేలియా టూరు దక్కించుకోవాలని తెల్లవాళ్ల క్రికెట్ బోర్డు ఒక ప్రతిపాదన చేసింది. జట్టుతో పాటు ఇద్దరు నల్లజాతి ఆటగాళ్లని పంపుతాం అని. ఆ ఇద్దరిలో ఒకడు డిక్ అబేద్, రెండోవాడు ఓవెన్ విలియమ్స్. వోర్స్టర్ ఒప్పుకోలేదు. ఏప్రిల్ 3న న్యూలాండ్స్‌లో పెద్ద మ్యాచ్ జరుగుతోంది. ఒక్క బంతి పడింది, ఆటగాళ్లంతా మైదానం వదిలి బయటికి వచ్చేశారు. జట్టులో చోటుకి ప్రతిభ ఒక్కటే కొలత కావాలని ఒక ప్రకటన ఇచ్చారు. అది రాసిందెవరు? పీటర్ పొలాక్. పత్రిక ఎడిటర్ కొడుకు, తను కూడా పత్రికల్లో పనిచేసినవాడు, మాట రాయడం తెలుసు.

మరి అవతలి బోర్డు ఏమంది? హసన్ హోవా అని ఒక పెద్దమనిషి నల్లజాతీయుల క్రికెట్‌ని నడిపించేవాడు. ఇద్దర్ని అలంకారానికి పంపితే మేం ఒప్పుకోం అన్నాడాయన. అసహజమైన సమాజంలో సహజమైన ఆట ఉండదు, ఇది వాళ్ల నినాదం. దీనిమీద మీలో కొందరు నాతో విభేదించవచ్చు. ఆ నడిచి వచ్చినవాళ్లు ధైర్యమే చేశారు, కాదనను. తమ ప్రభుత్వాన్నే ఎదిరించారు. కానీ నా ఓటు హోవాకే. ఊళ్లో గడ్డి మైదానం ఇవ్వకుండా, బళ్లో కోచ్‌ని ఇవ్వకుండా, ఉన్న ఇంటిని కూల్చేసి, ఆఖరున ప్రతిభ చూసి తీసుకుంటాం అంటే ఎలా సరిపోతుంది?

తెల్లవాళ్ల ఇళ్లలో కూడా, దక్షిణాఫ్రికాని ప్రపంచం ఆటకి దూరంగా పెట్టిన ఆ ఇరవై రెండేళ్లు అందరినీ ఒకేలా తాకలేదు. కిర్‌స్టన్‌ల ఇల్లు చూడండి. గ్యారీ కిర్‌స్టన్ మనకి ఇంటి మనిషిలాంటివాడు, 2011లో మనకి ప్రపంచకప్పు తెచ్చిన కోచ్. ఆయనకొక అన్న ఉన్నాడు, పీటర్ కిర్‌స్టన్. తండ్రి ఒకరే, తల్లులు వేరు. పీటర్ 1955లో పుట్టాడు, గ్యారీ 1967లో. పన్నెండేళ్ల తేడా. పీటర్ మంచి ఆట ఆడిన వయసంతా బహిష్కరణలోనే గడిచిపోయింది. 1992లో టెస్టు క్యాప్ దొరికేసరికి 37 నిండబోతున్నాయి. అదే ఏడాది ప్రపంచకప్పుకి మొదట ప్రాబబుల్స్‌లో కూడా పేరు లేదు, జనం గోల చేస్తే తీసుకున్నారు. వెళ్లి 410 పరుగులు చేశాడు. అడిలైడ్‌లో మన మీదే 84 కొట్టి మ్యాచ్ లాగేసుకున్నాడు, ఆ రోజు టీవీ ముందు కూర్చుని బాధపడ్డవాళ్లలో నేనొకణ్ణి. 1994లో లీడ్స్‌లో, 39 ఏళ్ల వయసులో, టెస్టు సెంచరీ కొట్టాడు. ఆ మ్యాచ్‌లో తమ్ముడు గ్యారీ కూడా ఆడాడు. పీటర్ మొత్తం టెస్టులు 12. గ్యారీ 101. ఒకే ఇంటిపేరు, ఒకే తండ్రి.

షాన్ పొలాక్ గురించి చెప్పకపోతే ఈ హాల్లో సగంమంది ఊరుకోరు. పీటర్ కొడుకు. 1995లో టెస్టుల్లోకి వచ్చాడు, అప్పుడు సెలెక్టర్ల పెద్ద తండ్రే. కొడుకు కాబట్టి తీసుకున్నారా అని అనుమానం వచ్చినవాళ్లకి 108 టెస్టుల్లో 421 వికెట్లు, 3781 పరుగులు జవాబు చెప్పాయి. ఆఫ్‌స్టంప్ పక్కన అదే చోట, గంటల తరబడి, అదే బంతి. ఆ 421ని దాటడానికి డేల్ స్టెయిన్ రావాల్సి వచ్చింది, 2018 డిసెంబరులో. స్టెయిన్ హైదరాబాదుకి ఆడినవాడు, మీకు తెలుసు. కెప్టెన్ హాన్సీ క్రోనియే మ్యాచ్ ఫిక్సింగ్ వ్యవహారం బయటపడ్డాక 2000లో కెప్టెన్సీ బరువు షాన్ మీద పడింది. 2003 ప్రపంచకప్పులో డర్బన్‌లో వాన, డక్‌వర్త్ లూయిస్ లెక్క ఒక్క పరుగు తప్పడం, శ్రీలంకతో టై, సొంత గడ్డ మీద ఇంటిముఖం. దాంతో కెప్టెన్సీ పోయింది. ఆ రోజు బాల్కనీలో ఆయన ముఖం నాకిప్పటికీ గుర్తే.

షాన్ పక్కన అవతలి ఎండ్ నుంచి బౌలింగ్ చేసిందెవరు? మఖాయ ఎన్తిని. ఈస్టర్న్ కేప్‌లో మ్డింగి అనే పల్లెలో పశువులు కాసిన కుర్రాడు. 1998లో దక్షిణాఫ్రికాకి టెస్టు ఆడిన మొదటి నల్లజాతి ఆఫ్రికన్. ఒక్కసారి ఆగి ఈ మాట వినండి. ఆ దేశం మొదటి టెస్టు ఆడింది 1889లో. ఎన్తిని ఆడింది 1998లో. 109 ఏళ్లు! 101 టెస్టులు, 390 వికెట్లు. 2005లో పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో ఒకే మ్యాచ్‌లో 13 వికెట్లు, దక్షిణాఫ్రికా తరఫున అది రికార్డు. అంత ఆడి కూడా, జట్టులో ఒంటరిగా ఉండేవాణ్ణని 2020లో టీవీలో చెప్పాడు. బస్సులో ఎక్కడ కూర్చున్నా పక్కన ఎవరూ కూర్చునేవాళ్లు కాదట. అందుకని బ్యాగు డ్రైవరుకి ఇచ్చి స్టేడియానికి పరుగెత్తుకుంటూ వెళ్లేవాడట. జనం ఫిట్‌నెస్ కోసం అనుకున్నారు. మేమూ అలాగే అనుకుని మెచ్చుకున్నాం కదా ఇన్నాళ్లూ! ఆయన కొడుకు థాండో ఎన్తిని కూడా ఫాస్ట్ బౌలరే, 2018 అండర్-19 ప్రపంచకప్పు ఆడాడు. ఎన్తిని అనే ఇంటిపేరుకి స్కోరుబుక్కులో ఇది రెండో తరం. పల్లెలో ఆ ఇంటికి ఎన్ని తరాలున్నాయో, వాళ్లలో ఎంతమంది చేతిలో బంతి తిరిగేదో, రాసి పెట్టినవాళ్లెవరూ లేరు.

ఇక మన సంగతి. అడుగుతారని తెలుసు. మద్రాసు నుంచి బయల్దేరిన ట్రూరో అనే ఓడ 1860 నవంబరు 16న డర్బన్‌లో ఆగింది. చెరకు తోటలకి కూలీలు. 1911 దాకా లక్షా యాభై వేల మందికి పైగా అలా వెళ్లారు, మద్రాసు రేవులో ఎక్కినవాళ్లలో తమిళులున్నారు, మన తెలుగువాళ్లున్నారు. రిజిస్టర్లో రాసినవాడు మన ఇంటిపేరు అడగలేదు. పేరు, తండ్రి పేరు, కులం. తర్వాతి తరాల్లో ఆ కులం పేరే ఇంటిపేరుగా స్థిరపడింది. నాయుడు కాస్తా 'నాయ్‌డూ' అయ్యింది, రెడ్డి రెడ్డిగా నిలిచింది. అందుకే డర్బన్‌లో ఇద్దరు నాయుళ్లు కనిపిస్తే చుట్టాలు కానక్కర్లేదు, ఇద్దరూ తెలుగువాళ్లూ కానక్కర్లేదు. వాళ్ల అసలు ఇంటిపేర్లు, వంగీపురపు లాంటివి, సముద్రం మీదే పోయాయి. అయినా 1931లో అక్కడ ఆంధ్ర మహాసభ పెట్టుకుని తెలుగు నిలుపుకోవాలని చూశారు.

వాళ్లూ క్రికెట్ ఆడారు. హోవా బోర్డు కిందే ఆడారు. ఆ బోర్డు మ్యాచ్‌ల స్కోర్లు తెల్లవాళ్ల రికార్డు పుస్తకాల్లో ఉండేవి కావు. 1971 తర్వాత వాళ్లు ఆడిన మూడు రోజుల మ్యాచ్‌లకి చాలా ఏళ్ల తర్వాత గానీ ఫస్ట్ క్లాస్ హోదా ఇవ్వలేదు. హోదా ఇవ్వాలంటే ముందు స్కోర్లు ఉండాలి కదా? పాత స్కోర్లు వెతికి, ఎవరు ఎన్ని కొట్టారు, ఎవరు ఎన్ని తీశారు అని కూర్చిన కొద్దిమందిలో డర్బన్ చరిత్రకారుడు ఒకాయన ఉన్నారు. పేరు క్రిష్ రెడ్డి. ఆ పేరు మొదటిసారి చదివినప్పుడు నేను పుస్తకం మూసి కాసేపు ఊరికే కూర్చున్నాను. ఎవరో పంపితే ఓడెక్కిన మనిషి వారసుడు, ఇంటిపేరు పోగొట్టుకున్నవాళ్ల కుటుంబం నుంచి వచ్చినవాడు, ఇంకెంతోమంది పేర్లు వెతికి స్కోరుకార్డుల్లో పెట్టాడు.

టైమ్ అయిందని లైబ్రేరియన్‌ గారు గడియారం చూపిస్తున్నారు. మీరు అడగండి ఇక. ముందు ఆ వెనక వరసలో చెయ్యెత్తిన అబ్బాయికి మైకు ఇవ్వండి, ఆమ్లా అన్నదమ్ముల గురించి అడగాలని ఇందాకటి నుంచి చూస్తున్నాడు.